షిఫ్టు మీటింగులో ఎవరూ నోరు విప్పడం లేదు, మీ అనుభవాలు చెప్పండి

ఎర్రగుంట్ల షిఫ్టు:
కడప జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. ఈ ఏడాదే షిఫ్టు ఇన్‌చార్జిని చేశారు. నిన్నమొన్నటి వరకు నాతో కలిసి టీ తాగినవాళ్లే ఇప్పుడు నేను వస్తే మాట ఆపేస్తున్నారు. షిఫ్టు మొదట్లో అందరినీ వరుసగా నిలబెట్టి "ఏమైనా సమస్యలున్నాయా?" అని అడుగుతాను. "ఏమీ లేవు సార్" అంటారు. ఈమధ్య కన్వేయర్ బెల్టు ఆగిపోయింది. రోలరు కీచుమంటోందని కొందరికి ముందే తెలుసట, నాకు ఒక్కరూ చెప్పలేదు. నేను అరిచే మనిషిని కాను, ఎవరినీ తిట్టిందీ లేదు. మరి వాళ్లకు నేనెలా కనిపిస్తున్నాను? అది తెలుసుకునే దారి ఏమిటి?

కడప హెచ్‌ఎం:
1955లో అమెరికాలో జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయాన్నే నాలుగు గళ్ల బొమ్మగా వేశారు. వారిద్దరి పేర్లూ కలిపి దాన్ని జోహారీ కిటికీ అంటారు. నా గురించి నాకూ ఇతరులకూ తెలిసింది ఒక గడి, నాకు మాత్రమే తెలిసింది ఇంకొకటి, ఎవరికీ తెలియనిది మరొకటి. మీరు అడుగుతున్నది మిగిలిన గడి గురించి: ఎదుటివాళ్లకు కనిపిస్తూ మనకు కనిపించనిది. ఒంటరిగా కూర్చుని ఎంత ఆలోచించినా అది తెలియదు, ఎవరో ఒకరు చెప్పాల్సిందే. హోదా పెరిగేకొద్దీ చెప్పేవాళ్లు తగ్గుతారు కాబట్టి ఆ గడి పెద్దదవుతూ పోతుంది.

ముందు మీ ప్రశ్న మార్చండి. "సమస్యలున్నాయా" అంటే లేవనడం తేలిక. మా బడిలో స్టాఫ్ మీటింగులో నేను "ఈ వారం మీ సమయాన్ని ఎక్కువగా తినేసిన పని ఏది?" అని అడుగుతాను. మొదటిసారి ఎవరూ మాట్లాడలేదు. నేనూ తొందరపడి ఇంకో మాట అనలేదు. కాసేపటికి ఒక టీచరమ్మ, "పాఠం మధ్యలో సంతకానికి వచ్చే సర్క్యులర్ పుస్తకం సార్" అన్నారు. అది ఇప్పుడు మధ్యాహ్న విరామంలోనే తిరుగుతోంది. ఆ తర్వాత నుంచి మిగతావాళ్లూ చెబుతున్నారు.

కర్నూలు సిస్టర్:
నేను ఆపరేషన్ థియేటర్‌లో పనిచేస్తాను. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సల కోసం 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. కోత పెట్టే ముందు జట్టులో ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలన్నది అందులో ఒకటి. రోజూ చూసుకునే ముఖాలే కదా, పేర్లెందుకని కొత్తవాళ్లు అడుగుతారు. ఒకసారి అందరిలో గొంతు విప్పిన మనిషికి, తర్వాత "డాక్టరుగారూ, ఒక మాప్ (రక్తం అద్దే గుడ్డ) లెక్కకు రావడం లేదు" అనడానికి బెరుకు తగ్గుతుంది. మా పెద్ద సర్జన్ గారు ఇంకో మాట కలుపుతారు: "నేను ఏదైనా మరిచిపోతే అక్కడికక్కడే ఆపండి." ఆ అనుమతి ఆయన నోటి నుంచే రావాలి. అడగకుండా మేమే ఆపితే ధిక్కారంలా ఉంటుంది.

పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల జట్లను పరిశీలిస్తే, మంచి నాయకత్వం ఉన్న జట్లలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదై ఉన్నాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, జరిగినవి దాచకుండా చెప్పుకున్నారు. కాబట్టి అన్నా, మీ షిఫ్టు రిజిస్టరు ఖాళీగా ఉందని సంతోషించకండి.

తాడిపత్రి పాలిష్:
నాది వేరే అభిప్రాయం. మాది బండల పాలిష్ యూనిట్. కటింగ్ మిషను నడుస్తుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినిపించదు. బ్లేడు దగ్గరికి చెయ్యి పోనిచ్చేవాడిని మెత్తగా అడుగుతూ కూర్చోలేం, అరవాలి. మరీ మెతకగా ఉంటే నెత్తికెక్కుతారు, ఇది కళ్లారా చూసిన సంగతి.

కర్నూలు సిస్టర్:
బ్లేడు దగ్గర అరవడం ప్రాణం కాపాడటానికి, అందులో తప్పేముంది? మిషను ఆగాక, అన్నం తినే చోట కూడా అదే గొంతు వినిపిస్తేనే చిక్కు. ఏది ప్రమాదపు అరుపో, ఏది కోపపు అరుపో వాళ్లకు తేడా తెలియకపోతే రెండింటినీ పట్టించుకోవడం మానేస్తారు.

గుంతకల్లు రైల్వే:
మా పద్ధతి ఒకటి చెబుతాను. ఇంటర్‌లాకింగ్ లేని, అంటే సిగ్నల్‌తో ముడిపెట్టని రైలు గేటుకు స్టేషన్ మాస్టరు ఫోను చేసి గేటు వేయమంటే, గేట్‌మన్ "సరే" అంటే చాలదు. గేటు వేసి, అందుకు రుజువుగా తన దగ్గరున్న షీటులోని ప్రైవేటు నంబరు చెప్పాలి, దాన్ని స్టేషన్ మాస్టరు రాసుకోవాలి. అప్పటిదాకా గేటు పడినట్టు లెక్క కాదు. బయట ఎక్కడ చూసినా "అర్థమైందా?" అంటారు, "అర్థమైంది సార్" అంటారు, అంతటితో సరి. అలాగని తిరిగి ఒప్పజెప్పమంటే వయసులో పెద్దవాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. అందుకని నేను "చెప్పడంలో ఏదైనా వదిలేశానేమో, ముందు ఏ పని మొదలుపెడతారు?" అని అడుగుతాను. లోపం నా వైపు ఉందేమోనన్నట్టు అడిగితే ఎదుటివారికి నామోషీ ఉండదు.

అనంతపురం సమాఖ్య:
మా గ్రామ సమాఖ్యలో జంపఖానా మీద అందరం గుండ్రంగా కూర్చుంటాం. అధ్యక్షురాలికి విడిగా కుర్చీ వేయం. రుణం ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు ఆమె చివర మాట్లాడాలి. ముందే "ఫలానా ఆమెకు ఇద్దాం" అనేస్తే ఇక అందరూ తలలూపుతారు. నిలబెట్టి అడుగుతున్నానన్నారు కదా తమ్ముడూ, కూర్చోబెట్టి అడగండి.

ఎర్రగుంట్ల షిఫ్టు:
అందరికీ ధన్యవాదాలు. క్యాంటీన్ పక్క షెడ్డులో బెంచీలున్నాయి, మీటింగు అక్కడికి మారుస్తాను. ఇంకా రెండు సందేహాలు. ఎవరైనా నా మీదే ఏదైనా అంటే అప్పటికప్పుడు ఏం జవాబివ్వాలి? రెండోది, మా కాంట్రాక్టు కార్మికుల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారున్నారు. వాళ్లకు తెలుగు అంతంతమాత్రం.

కడప హెచ్‌ఎం:
మొదటిదానికి: "మంచిది, చెప్పారు" అని కాగితం మీద రాసుకోండి. "అది కాదు, నా ఉద్దేశం..." అని సంజాయిషీ మొదలుపెడితే రెండోవాడు నోరు విప్పడు. తర్వాత అందులో ఏది చేయగలరో, ఏది మీ చేతిలో లేదో వాళ్ల దగ్గరికే వెళ్లి చెప్పండి. కుదరనిదైనా కారణం చెబితే ఒప్పుకుంటారు. పై అధికారుల దగ్గర మాత్రం చెప్పినవారి పేరు ఎత్తకండి.

తాడిపత్రి పాలిష్:
రెండోది నేను చెబుతాను, మా దగ్గరా అటువాళ్లు చాలామంది ఉన్నారు. తెలుగు వచ్చిన ఒక్కడితో అన్నీ చెప్పిస్తే, వాడికి నచ్చిన మాటలే మీదాకా వస్తాయి. బెల్టు ఆపి ఉన్నప్పుడు అందరినీ అక్కడికే తీసుకెళ్లండి. మంచి రోలరు, పాడైన రోలరు పక్కపక్కన పెట్టి ఒక్కొక్కరిచేత తిప్పించండి. తేడా చెవికీ చేతికీ తెలుస్తుంది. అలాంటి శబ్దం వినిపిస్తే ఎవరికి చెప్పాలో, నడకదారి వైపు కమ్మీ మీద సుద్దతో ఎక్కడ గుర్తు పెట్టాలో చేసి చూపించండి. సుద్దముక్క మేస్త్రీ దగ్గర ఒక్కటే ఉంటే లాభం లేదు, ప్రతి ఒక్కరి జేబులోనూ ఉండాలి.