నల్లరేగడి మీద కృత్రిమ గడ్డి వేయించాం, వాన పడితే చెరువవుతోంది

పెరటిబాధ (నంద్యాల)
అందరికీ నమస్కారం. ఇంటి వెనక 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఖాళీ స్థలం ఉంది. అంతా నల్లరేగడి. పిల్లలు ఆడుకుంటారని ఏప్రిల్‌లో 35 ఎంఎం కృత్రిమ గడ్డి వేయించాను. వేసినవాళ్లు పైమట్టి 2 అంగుళాలు గీకి, క్రషర్ డస్టు (కంకర మిల్లు రాతిపొడి) పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి గడ్డి పరిచేశారు. ‘అడుగున రంధ్రాలున్నాయండీ, నీళ్లు వాటంతటవే దిగిపోతాయి’ అన్నారు. ఆగస్టులో రెండు వానలు పడేసరికి కాలు పెడితే చిత్తడి. మూడో రోజుకు మురుగు వాసన. ఇప్పుడు మధ్యలో ఉబ్బింది, గోడ వారన కుంగింది. మొత్తం తీసేయాలా, అక్కడక్కడ గునపంతో పొడిస్తే సరిపోతుందా?

మిరపతోట (గుంటూరు)
గడ్డికి రంధ్రాలుంటే ఏం లాభమండీ, కింద నేలకు లేనప్పుడు? మాకూ ఇదే జరిగింది. ఒక మూల మేకులు పీకి గడ్డి మడిచి చూడండి. మా దగ్గర డస్టు పైపొర గోడకు చేసిన ప్లాస్టరింగులా బిగిసిపోయి ఉంది. ఆ పెచ్చు లేపితే కింద నల్లటి జిగురు. గునపం పైకి లాగితే మట్టి దానికే అంటుకుని వచ్చింది, వేళ్లతో గీకి వదిలించుకోవాల్సి వచ్చింది. పొడిచిన రంధ్రం మర్నాటికి పూడిపోయింది. కాబట్టి ఆ ఆలోచన మానుకోండి.

కంకరలెక్క (కర్నూలు)
పాతికేళ్లుగా కట్టుబడి పనుల్లో ఉన్నాను. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. మీకు మధ్యలో లేవడం, వారన కుంగడం అందుకే. ముందు ఒక పరీక్ష చేయండి. అడుగు లోతు గుంట తవ్వి నిండా నీళ్లు పోసి, మర్నాడు పొద్దున చూడండి. నీళ్లు అలాగే ఉంటే ఆ నేల ఇంకించుకోదని తేలిపోయినట్టే. అప్పుడు నీళ్లను కిందికి దింపాలని కాదు, పక్కకు నడిపించాలని ఆలోచించాలి.

వానచుక్క (వరంగల్)
ఇంత ఖర్చెందుకు? ఒక మూల ఇంకుడు గుంత తవ్వి కంకర నింపండి. మా ఇంట్లో నాలుగేళ్లుగా చక్కగా పనిచేస్తోంది.

కంకరలెక్క (కర్నూలు)
మీది ఏ నేలండీ?

వానచుక్క (వరంగల్)
చల్క నేల.

కంకరలెక్క (కర్నూలు)
అదే సంగతి. చల్కలో ఇంకుతుంది. రేగడిలో ఆ గుంతే తొట్టి అవుతుంది, నిండాక నీళ్లు మళ్లీ గడ్డి కిందికే ఎగదన్నుతాయి. లోతుకు వెళ్తే గరుసు తగిలే చోట్ల ఫలితం ఉండవచ్చు, అది తవ్వితే కానీ తెలియదు.

పెరటిబాధ గారూ, 8 అంగుళాలు తవ్వించండి. వాలు అడుగు మట్టికే ఇవ్వాలి, ఇది చాలా ముఖ్యం. అందరూ పైన కంకరకు వాలు ఇచ్చి కింద పళ్లెంలా వదిలేస్తారు. 30 అడుగుల పొడవుకు 4 అంగుళాల వాలు చాలు, మట్టం చూసే నీళ్ల ట్యూబుతో మేస్త్రీ చేత మీ ఎదుటే చూపించుకోండి. దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీళ్లను వదిలి మట్టిని ఆపే గుడ్డ. అది లేకపోతే వానాకాలం బురద కంకరలోకి ఎక్కుతుంది, ఎండాకాలం కంకర నెర్రెల్లోకి జారుతుంది. ఆపైన 5 అంగుళాల 20 ఎంఎం కంకర, 2 అంగుళాల బేబీ చిప్స్ (సన్న కంకర). రెండింటినీ విడివిడిగా ప్లేట్ కంపాక్టర్ అనే దిమ్మిస యంత్రంతో దట్టించాలి. డస్టు మాత్రం పోయనివ్వకండి. మీ స్థలానికి మొత్తం 350 ఘనపుటడుగులు, అంటే మూడున్నర యూనిట్లు. పల్లపు వైపు కంకరలో రంధ్రాలున్న 4 అంగుళాల పైపు వేసి, దాని నోరు సైడు కాలువలోకి తెరవండి.

పెరటిబాధ (నంద్యాల)
గుంట తవ్వాను. ఇరవై గంటలైనా రెండు వేళ్ల లోతు కూడా తగ్గలేదు.

బాక్స్‌క్రికెట్ (ఆదిలాబాద్)
ఒక్కటి అడుగుతాను, మీ డాబా మీది నీళ్లు ఎక్కడ పడుతున్నాయి? మా మైదానంలో ఏడాదంతా పైపులు మార్చాం, చివరికి పక్కన రేకుల షెడ్డు నీళ్లన్నీ మా మూలకే వస్తున్నాయని తేలింది. 50 మిల్లీమీటర్ల వాన పడితే మీ గడ్డి మీద పడేవి సుమారు 2,800 లీటర్లు. డాబా 1,000 చదరపు అడుగులదైతే అక్కడి నుంచి ఇంకో 4,600 లీటర్లు.

పెరటిబాధ (నంద్యాల)
ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. డాబా గొట్టాలు రెండూ పెరట్లోకే! సరిగ్గా కుంగిన గోడ వారన. ఇన్నాళ్లూ గడ్డి వేసినవాళ్లను తిట్టుకుంటున్నాను.

మిరపతోట (గుంటూరు)
తిట్టుకోవచ్చు, ఆ డస్టు పోసింది వాళ్లేగా.

ఫ్రిస్కోవాసి (డాలస్)
మాదీ నల్లరేగడి లాంటి నేలే. ఈ ప్రాంతాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఇక్కడ పునాది పక్కన మట్టి ఎండి కుంచించుకుంటుందని ఎండాకాలం గోడల చుట్టూ సన్నగా చెమ్మ వదిలే గొట్టాలు పరిచి తడుపుతుంటారు. ఒక పక్క తడి, ఒక పక్క పొడి ఉంటేనే ఈ మట్టితో చిక్కు. మీరు గోడ వారన తవ్వేటప్పుడు పునాది కిందికి పోకుండా చూసుకోండి, పైపు గోడకు దూరంగా, అవతలి అంచున వేయించండి.

కంకరలెక్క (కర్నూలు)
మంచి మాట చెప్పారు. వాలు ఇంటి నుంచి బయటికే ఉండాలి. కొందరు మట్టిలో సున్నం కలిపి దట్టించమంటారు. రోడ్ల కింద చేసే పని అది, ఉబ్బడం తగ్గుతుంది, కానీ సరిగ్గా కలపాలంటే యంత్రాలు కావాలి. పెరటికి అంత అవసరం లేదు.

పెరటిబాధ (నంద్యాల)
అక్టోబరు కబురు. డాబా గొట్టాలను విడిగా కాలువకు కలిపించాను. కంకర, గుడ్డ, పైపు అన్నీ మీరు చెప్పినట్టే. పాత గడ్డినే కడిగి ఎండబెట్టి మళ్లీ పరిచాం, అతుకుల టేపు, గడ్డి పోచల మధ్య చల్లే సిలికా ఇసుక మాత్రం కొత్తవి. నిన్న రాత్రి గట్టి వాన. గొడుగు వేసుకుని కాలువ దగ్గర నిలబడి చూశాను, వాన తెరిపిచ్చాక కూడా పైపు నుంచి ధార వస్తూనే ఉంది. పొద్దున పిల్లలు చెప్పులు లేకుండా ఆడారు. కాకపోతే పైపు నోట్లో ఒక కప్ప కాపురం పెట్టింది. జాలీ ఏ సైజుది బిగించమంటారు?