ఫ్రీ శాంపిల్స్ వచ్చాక ఇంకా అయోమయంగా ఉంది. చెక్క ఫ్లోర్ ఎలా తేల్చుకోవాలి?

గడపవతల అడిగారు:

హాలుకీ దాని పక్క గదికీ చెక్క ఫ్లోర్ వేయిద్దామనుకుంటున్నాం. తెర మీద బొమ్మ చూసి కొనేది కాదు కదా అని, దొరికిన సైటులోనల్లా ఫ్రీ శాంపిల్స్‌కి పేరు ఇచ్చాను. వచ్చాయి. కొన్ని అరచేయి కన్నా చిన్నవి, కొన్ని జానెడు పలకలు. ఒక కవరు విప్పితే లోపల చెక్కే లేదు, అట్ట మీద అచ్చువేసిన బొమ్మ! దాన్ని శాంపిల్ అని ఎలా అనగలిగారో వాళ్ళకే తెలియాలి.

చిక్కల్లా ఇక్కడే. సైటులో బూడిదరంగు ఛాయ ఉందని ఇష్టపడి అడిగిన ఓక్, చేతికొచ్చాక పసుపుపచ్చగా ఉంది. సాయంత్రం లైటు వేస్తే ఆ పసుపు ఇంకా ముదురుతోంది. వాల్‌నట్ ముక్క నాకు బాగా నచ్చింది. మా అత్తగారేమో "ముదురు రంగు మీద దుమ్మంతా కనిపిస్తుందమ్మా, తుడవాల్సింది నువ్వూ నేనే" అన్నారు. మా ఆయన్ని అడిగితే అన్నీ ఒకలాగే ఉన్నాయంటారు. మా బాబు వాటితో గ్యారేజీ కడుతున్నాడు.

ఈ ముక్కలు చూసి గది మొత్తం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చా? రంగు కాకుండా ఇంకేం చూడాలి? కంపెనీవాళ్ళు బాగున్న ముక్కే ఏరి పంపుతారా? ఇంట్లో కుక్క కూడా ఉంది. దాని గోళ్ళు మామూలువి కావు.

చేవకర్ర జవాబు:

అమ్మా, ఫ్లోర్లు పరిచే పనిమీదే బతుకుతున్నవాణ్ణి. నే వెళ్ళిన ఏ ఇంట్లో చూసినా శాంపిల్స్ అద్దాల బీరువాలో ఉంటాయి, లేకపోతే సోఫా మీద వరుసగా పేర్చి ఉంటాయి. రెండూ దండగే. శాంపిల్ ఉన్నది పాడుచెయ్యడానికి.

ముందు నేల మీద పడేయండి. అందరూ చేత్తో ఎత్తి కిటికీ వైపు తిప్పి చూస్తారు, ఫ్లోర్‌ని అలా చూసేవాళ్ళు ఎవరుంటారు? నేల మీద పెట్టి, నిలబడి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. వెలుగు వాలుగా పడేసరికి రంగూ మెరుపూ రెండూ మారతాయి. పాత టైల్స్ మీద నేరుగా పెట్టొద్దు, కింద ఉన్న రంగు కంటిని మోసం చేస్తుంది. చుట్టూ తెల్లకాగితాలు పరిచి, తలుపు ఫ్రేముకి ఆనించి ఒకసారి, సోఫా కాలి పక్కన ఒకసారి పెట్టండి. గదిలో మారకుండా ఉండిపోయేవి అవే కదా.

తర్వాత ముక్కని తిప్పి అంచు చూడండి. నేనైతే ముఖం కన్నా ముందు అంచే చూస్తాను. పైనుంచి కింది దాకా ఒకే చెక్క అయితే అది సాలిడ్. పైన పలచని అసలు చెక్క పొర, కింద ప్లైవుడ్ పొరలు కనిపిస్తే ఇంజినీర్డ్. పైన చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం, కింద గోధుమరంగు పొడిని నొక్కి చేసినట్టుండే బోర్డు అయితే లామినేట్. బూడిదరంగులో రాయిలా బరువుగా ఉంటే ఎస్‌పీసీ, అది రాతిపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసింది, అందులో చెక్క పిసరు కూడా ఉండదు. సైట్లలో అన్నిటికీ "వుడ్ ఫ్లోర్" అనే రాస్తారు. అంచు మాత్రం అబద్ధం చెప్పదు.

ఇంజినీర్డ్ అయితే పై పొరని స్కేలు పెట్టి కొలవండి. అర మిల్లీమీటరు దగ్గర్నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 4 ఉంటే ఏళ్ళ తర్వాత గీతలు పడ్డప్పుడు సాండింగ్ పట్టి, అంటే పైన అరగదీసి, మళ్ళీ కొత్తగా చేసుకోవచ్చు. ఒకటికి లోపు ఉన్నదాని మీద మెషిన్ పెడితే కింది ప్లైవుడ్ బయటపడుతుంది. ధర తేడా ఎక్కువగా ఈ పొర దగ్గరే ఉంటుంది, షోరూములో మాట్లాడేది మాత్రం రంగు గురించి.

ఏరి పంపుతారా అన్నారు. మోసమే అనక్కర్లేదు, జానెడు ముక్కలో, కొమ్మ మొలిచినచోట పడే ముడి పట్టదు, అంతే. అదే పెట్టెలో వచ్చే బారు పలకలో పెద్ద ముడులుంటాయి, చేవ లేని తెల్లభాగం ఉంటుంది, ఒక పలకలో గీతలు నిలువుగా పోతే పక్కదాంట్లో కొండల్లా ఎగసి ఉంటాయి. అందుకని గ్రేడ్ ఏమిటో అడగండి. సెలెక్ట్ అంటే దాదాపు శుభ్రంగా ఉంటుంది. రస్టిక్ అంటే ముడులూ, పగుళ్ళకి పూడ్చిన లప్పం, రంగు తేడాలూ అన్నీ ఉంటాయి. ముక్క చూసి నచ్చి రస్టిక్ తెప్పించుకుని, పరిచిన రోజు నాతో గొడవపడ్డవాళ్ళున్నారు.

ఇక పాడుచెయ్యడం. ఇంటి తాళంచెవి తీసుకుని గీయండి, చేయి ఆగకుండా. కుక్కగోళ్ళ సంగతి అక్కడే తేలుతుంది. గీత పడటం వేరు, సొట్ట పడటం వేరు. గీత పైపూతది, సొట్ట చెక్కది. చెక్క గట్టితనానికి జాంకా అని ఒక లెక్క ఉంది: 11.28 మిల్లీమీటర్ల ఉక్కుగుండు చెక్కలోకి సగం దిగడానికి ఎంత బలం పట్టిందీ అని. మీకు నచ్చిన అమెరికన్ బ్లాక్ వాల్‌నట్ 1010 పౌండ్లు, వైట్ ఓక్ 1360, హికరీ 1820. కుక్క ఉన్న ఇంట్లో వాల్‌నట్ వేస్తే నేను వద్దనను కానీ, గీతలు పడితే పడనీ అనుకోగలిగితేనే వెయ్యండి. మెరిసే పూత మీద గీత గది అవతల్నుంచి కనిపిస్తుంది. తీగ బ్రష్‌తో గీరి గరుకు చేసిన, మెరుపు లేని పూతలో (బ్రష్ పట్టిన మ్యాట్ ఫినిష్ అంటారు) కలిసిపోతుంది. దుమ్ము విషయంలో మీ అత్తగారి మాట నిజం, ముదురు రంగుకి మెరుపు కూడా తోడైతే అడుగుజాడలతో సహా తేలుతుంది.

ఓక్ ముక్కకి ఇంకో పరీక్ష. మీరు గీసిన గీత మీద తడిపిన ఇనుప పీచు పెట్టి రాత్రంతా ఉంచండి. నల్లబడితే కంగారుపడకండి, ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, ఇనుమూ నీళ్ళూ తగిలితే నలుపెక్కుతుంది. పూత చెదరనిచోట ఏమీ కాదు. కుండీ కింద ఇనుప స్టాండు పెట్టే అలవాటుంటే ముందే తెలియడం మంచిది.

చివరిది, తొందరలో ఎవరూ చెయ్యనిది. ముక్కలో సగానికి అల్యూమినియం రేకు చుట్టి ఎండ పడే కిటికీలో పెట్టి కొన్ని వారాలు మరిచిపోండి. రేకు విప్పితే మీ ఇంట్లో ఆ చెక్క ఎటు మారుతుందో కనిపిస్తుంది. చెర్రీ ముదురుతుంది. వాల్‌నట్ ఏళ్ళ మీద తేలికపడుతుంది. ముదురుగా ఉందని వాల్‌నట్ కొనేవాళ్ళకి ఈ మాట ఎవరూ చెప్పరు.

బల్బుమార్చు జవాబు:

పసుపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గడపవతల గారూ, మీ హాల్లో లైట్లు 2700 కెల్విన్ వార్మ్ వైట్ అయ్యుంటాయి, అవి ఓక్‌లో ఉన్న పసుపుని లాగి చూపిస్తాయి. 4000 బల్బు ఒకటి పెట్టి అదే ముక్క చూడండి. 6500 అయితే బూడిదరంగే వస్తుంది, కానీ ఆ వెలుగులో రాత్రి కూర్చోవాలనిపించదు. సైటులో ఫొటో ఏ లైటు కింద తీశారో, ఎంత దిద్దారో మనకి తెలియదు. ముందు బల్బు ఖాయం చేసుకుని తర్వాత చెక్క చూడండి. బల్బు పెట్టె మీద సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది తీసుకుంటే రంగులు సరిగ్గా కనిపిస్తాయి.

అట్టపెట్టె జవాబు:

చేవకర్ర గారు చెప్పినదాంట్లో ఒక్కదానికి నేను ఒప్పుకోను. ఉన్న ముక్కంతా పాడుచేస్తే సరుకు వచ్చిన రోజు దేనితో పోలుస్తారు? నచ్చిన రకానికి రెండు ముక్కలు అడగండి, ఒకటి తాళంచెవికి, ఒకటి దాచడానికి. దాచినదాని వెనక కోడ్ నంబరు పెన్నుతో రాయండి, స్టిక్కర్లు ఊడిపోతాయి. దాన్ని చీకట్లోనే ఉంచండి.

శాంపిల్ ఎప్పటి లాట్‌దో, అంటే ఏ విడత తయారీదో తెలియదు. మా పక్కింట్లో వేసిన లామినేట్‌కి శాంపిల్‌కీ పెట్టెలకీ ఛాయ తేడా వచ్చింది. పరిచాక చెబితే కంపెనీవాళ్ళు వినలేదు. పరవకముందు నాలుగైదు పెట్టెలు విప్పి పక్కన పెట్టి చూసుకోవాలి. లామినేట్ కొనేవాళ్ళు ఇంకొకటి అడగాలి: ఆ డిజైన్‌లో వేరు వేరు పలకలు ఎన్ని? అవి తక్కువైతే అదే ముడి గది నిండా పదేపదే కనిపిస్తుంది, చూసేకొద్దీ చిరాకు.

చివరికి రెండు రకాలు మిగిలాక ఫ్రీవి చాలవు. డబ్బు కట్టయినా పూర్తి పలకలు తెప్పించండి, ఒక్కో రకంవి రెండేసి, ఒకదాన్లో ఒకటి బిగుసుకునే క్లిక్ జాయింటుతో సహా. బిగించి విప్పి చూస్తే నాణ్యత చేతికే తెలుస్తుంది. మరో మాట, ఫ్రీ అంటే మన ఫోన్ నంబరు వాళ్ళ దగ్గర ఉండిపోవడం. ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

గడపవతల:

అందరికీ థాంక్సండీ. తాళంచెవి అనగానే మా ఆయనకి హఠాత్తుగా ఆసక్తి పుట్టింది, ఇప్పుడు ఇంట్లో గీతలేని ముక్క లేదు. వాల్‌నట్ మీద ఆశ వదిలేశాను. బ్రష్ పట్టిన మ్యాట్ ఓక్, ఇంజినీర్డ్, పై పొర 4 మిల్లీమీటర్లు, దాని దగ్గర ఆగాం. అత్తగారు కూడా సరే అన్నారు, బల్బులు మారుస్తామంటేనే.

ఒక అనుమానం. మేమే తడిగుడ్డ మీద పెట్టి చూసిన ఓక్ ముక్క కాస్త వంగింది. అంటే సరుకు మంచిది కాదనా?

చేవకర్ర జవాబు:

కాదమ్మా. నాలుగువైపులా అంచులు కోసి పూత లేకుండా వదిలిన చిన్నముక్క అది, ఒకవైపు తడి తగిలితే వంగుతుంది. ఆరాక చదునుకి వచ్చిందా, పై పొర కింది ప్లైవుడ్ నుంచి విడిందా, అది చూడండి. అంచులో గోరు దూరేంత సందు వస్తే మాత్రం ఆ రకం వదిలేయండి.

ఇంట్లో పరిచినప్పుడు మీరు కాయాల్సింది కింది గచ్చులోని తేమని. తేమకి చెక్క బారున పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకే గోడల వెంబడి 10 మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా సందు వదిలి స్కర్టింగ్‌తో కప్పుతాం. ఆ సందు అక్కర్లేదనే మేస్త్రీని పనిలో పెట్టుకోవద్దు. పెట్టెలు ముందే తెప్పించి, కంపెనీ కాగితంలో రాసినన్నాళ్ళు ఆ గదిలోనే ఉంచండి. కోతల్లో పోయేదానికి పది శాతం కలుపుకుని ఒకే లాట్‌లో తీసుకోండి, హెరింగ్‌బోన్ (చేపముళ్ళలా ఏటవాలుగా పేర్చే డిజైన్) వేయిస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. పరిచేటప్పుడు మూడు నాలుగు పెట్టెల పలకలు కలిపి వెయ్యమనండి. గచ్చు తేమ మీటరుతో కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వడానికి నసిగితే ఇంకొకర్ని పిలవండి.