టంగ్‌స్టన్ డైసెలెనైడ్ స్ప్లిట్ గేట్ పిక్సెల్: గుర్తు తిప్పితే వెయిట్ పడిపోతోంది

ప్రశ్న:
2020లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు నేచర్‌లో చూపిన తరహాలో, చూస్తూనే బొమ్మను గుర్తుపట్టే సెన్సర్ కోసం ఒక పిక్సెల్ తయారైంది. కింద రెండు లోహపు గేట్లు (వోల్టేజీతో పై పొరను అదుపు చేసే పలకలు), మధ్య ఎడం 300 నానోమీటర్లు. వాటిపై 30 నానోమీటర్ల అల్యూమినా, ఆపైన కొన్ని పొరల టంగ్‌స్టన్ డైసెలెనైడ్ అనే అర్ధవాహకం, రెండు చివర్లా పల్లేడియం కాంటాక్టులు. పిక్సెల్ వెయిట్‌ను, అంటే వెలుతురును ఎంతతో, ఏ గుర్తుతో గుణించి కరెంటుగా ఇవ్వాలో దాన్ని, గేట్ల వోల్టేజీలే నిర్ణయిస్తాయి. ఎడమ గేటుకు +5, కుడి గేటుకు −5 వోల్టులిస్తే ఫోటోకరెంటు (కాంతికి పుట్టే కరెంటు) బాగుంది. గుర్తులు తిప్పితే దిశ మారుతోంది గానీ పరిమాణం పదోవంతే. పైగా గేటు వోల్టేజీని అటూ ఇటూ మార్చిన ప్రతిసారీ (స్వీప్ స్వీప్‌కీ) విలువ జరుగుతోంది. పల్లేడియం ఎలక్ట్రాన్లను సరిగా ఎక్కించకపోవడమే కారణమా?

జవాబు 1:
తప్పు పల్లేడియందే అయితే రెండు దిశలూ ఒకేలా దెబ్బతినాలి. ఎటు తిప్పినా ఒక కాంటాక్టు ఎన్ (ఎలక్ట్రాన్లు ఎక్కువున్న) వైపే ఉంటుంది కదా. ఒక దిశే చెడిందంటే అలైన్‌మెంట్‌ని అనుమానించండి. కుడి కాంటాక్టు గేటు మీదికి ఎక్కకపోతే, రెండిటి మధ్య గేటు అదుపులో లేని ముక్క మిగులుతుంది. గాలి తగిలితే ఈ పదార్థం పీ (ఎలక్ట్రాన్ల ఖాళీలు, అంటే హోల్స్, ఎక్కువున్న) వైపు మొగ్గుతుంది. కుడి గేటు −5లో ఉన్నంతసేపు ఆ ముక్కతో ఇబ్బంది లేదు. +5 ఇవ్వగానే అక్కడ ఇంకో జంక్షన్ (పీ, ఎన్ కలిసే చోటు) ఏర్పడి, ఎదురు కరెంటు పుట్టించి, అసలుదాన్ని కొట్టేస్తుంది.

లేజర్ చుక్కను 1 మైక్రాన్‌ దాకా కుదించి, సున్నా బయాస్‌లో (కాంటాక్టుల మధ్య వోల్టేజీ లేకుండా) ఒక కాంటాక్టు నుంచి రెండోదాని దాకా జరపండి. గేట్ల ఎడం దగ్గర ఒకే శిఖరం కనబడాలి. కాంటాక్టు పక్కన ఎదురు గుర్తుతో మరోటి వస్తే జబ్బు ఇదే. మాస్కు మార్చి, కాంటాక్టును గేటు మీదికి కనీసం 1 మైక్రాన్ ఎక్కించండి. గేటు వోల్టేజీ పెంచి సర్దుకోవద్దు, లీకేజీ మొదలవుతుంది.

జవాబు 2:
విలువ జరగడం వేరే సంగతి. అల్యూమినాలోని ట్రాపుల్లో (ఛార్జిని పట్టి ఉంచే లోపాల్లో) ఛార్జి చిక్కుతోంది. కాంతిని వెయ్యి రెట్ల మేర మారుస్తూ కరెంటును లాగ్-లాగ్ గ్రాఫ్ గీయండి. వాలు 1కి దగ్గరగా ఉంటే మంచిదే. 0.7లా తగ్గి, స్పందన కూడా మిల్లీసెకన్లకు జారితే అది ఫోటోగేటింగ్ (చిక్కిన ఛార్జి తానే గేటులా పనిచేయడం). వెలుతురుతోపాటు వెయిట్ కూడా మారిపోతుంది కాబట్టి న్యూరల్ నెట్‌వర్కుకు అది పనికిరాదు.

అల్యూమినాకూ టంగ్‌స్టన్ డైసెలెనైడ్ ఫ్లేకుకూ మధ్య 10–20 నానోమీటర్ల బోరాన్ నైట్రైడ్ పొర వేయండి. తయారీలో పూసిన రెసిస్టు మిగుళ్లు పోవడానికి వాక్యూంలో 200 డిగ్రీల దగ్గర అనీల్ చేసి (వేడిలో ఉంచి), కొలతలూ వాక్యూంలోనే తీయండి. ఈలోగా ప్రతి వెయిట్‌నీ ముందు గేట్లను సున్నాకు తెచ్చి, ఎప్పుడూ ఒకే వైపు నుంచి చేరుకోండి.

ప్రశ్న అడిగినవారు:
గేటు సప్లై తీయగానే వెయిట్ పోతోంది. ఇప్పుడే ఫ్లోటింగ్ గేటుకు (సప్లై లేకున్నా ఛార్జిని దాచుకునే గేటుకు) వెళ్లాలా?

జవాబు 1:
ఇప్పుడే వద్దు. వియన్నా చిప్‌లోని 27 డయోడ్లకూ (తొమ్మిది పిక్సెళ్లు, ఒక్కోదానిలో మూడేసి) వెయిట్లు బయటి వోల్టేజీల నుంచే అందాయి. ముందు అంకెలను వోల్టేజీలుగా మార్చే డాక్‌తో నడిపించి, కూడిక సరిగ్గా వస్తోందో చూడండి. తొమ్మిది పిక్సెళ్ల కరెంట్లు కలిసే తీగను కరెంటును వోల్టేజీగా మార్చే ట్రాన్స్‌ఇంపిడెన్స్ ఆంప్లిఫయరుకే ఇవ్వండి. దాని ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ దగ్గర మిగిలిపోయే చిన్న వోల్టేజీ) మీద కన్నేయాలి: ఒక్కో డయోడు షంటు నిరోధం (లీకేజీ దారి నిరోధం) 100 మెగాఓములైతే, 1 మిల్లీవోల్టు ఆఫ్‌సెట్‌కే మొత్తం 90 పికోఆంపులు చీకట్లోనే కనబడతాయి.