పరీక్ష దాటుతున్నాను, మాట్లాడే దగ్గర పోతోంది. ఆటిజం ఉన్నవాళ్ళు ఇంటర్వ్యూలకి ఎలా సిద్ధమవుతున్నారు?

అరండల్‌పేట_బీకామ్:

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్ళు, ఉండేది గుంటూరులో. బీకామ్ అయ్యాక లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ నేర్చుకున్నాను. పోయినేడు డాక్టరు గారు నాకు ఆటిజం ఉందని చెప్పారు. అంతకుముందు ఇంట్లో, చుట్టాల్లో నాకున్న పేర్లు వేరు: మొండివాడు, ఎవరితో కలవడు, పిలిస్తే పలకడు. అసలు సంగతి తెలిశాక మనసు కొంచెం తేలికపడింది. ఉద్యోగం మాత్రం రాలేదు.

పదకొండు నెలల్లో 14 ఇంటర్వ్యూలకి వెళ్ళాను. ట్యాలీలో ఎంట్రీలు వేయమని పరీక్ష పెడితే దాటుతున్నాను. ఆ తర్వాత కూర్చోబెట్టి మాట్లాడిస్తారు కదా, అక్కడ పోతోంది. పోయిన వారం విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసుకి వెళ్ళాను. గదిలో ముగ్గురున్నారు. నెత్తిమీద ట్యూబ్‌లైటు చిటచిటమంటోంది. 'మీ గురించి చెప్పండి' అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఊరు చెప్పాలా, చదువు చెప్పాలా, ట్యాలీ గురించి చెప్పాలా? అది తేల్చుకునేలోపు రెండో ఆయన 'ఏం బాబూ, టెన్షనా?' అన్నారు. ఇప్పుడు దీనికి జవాబు చెప్పాలా, మొదటిదానికి చెప్పాలా? పక్కనున్న మేడమ్ 'మనిషి మొహం చూసి మాట్లాడాలి' అన్నారు. మొహం చూస్తే నాకు మాట రాదండి. మాట రావాలంటే చూపు టేబుల్ మీదో గోడ మీదో పెట్టుకోవాలి. ఆరు నిమిషాల్లో పంపించేశారు.

నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రోజుకి వందల మందితో మాట్లాడిన మనిషి. 'ధైర్యంగా ఉండరా, అంతే' అంటారు. ప్రేమతోనే అంటారు. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో అద్దం ముందు నిలబడి 'నేను చేయగలను' అని రోజూ ఇరవై సార్లు అనమన్నారు. రెండు నెలలు ఒక్కరోజు కూడా మానకుండా అన్నాను. గదిలోకి వెళ్ళాక అది గుర్తుకైనా రాలేదు.

అనుభవం అంటే ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర నాలుగు నెలలు. అక్కడ బిల్లులు సరిచూసే పని నాకు బాగుండేది. ఒకసారి మిర్చి వ్యాపారి ఒకాయన లెక్కల్లో తెలంగాణ బిల్లు తప్పుగా ఎక్కించారని పట్టుకున్నాను కూడా. కానీ క్లయింట్లకి ఫోన్లు చేయలేకపోతున్నానని మానిపించారు.

రెండు విషయాలు అడగాలని రాశాను. నా మీద నాకు నమ్మకం రావాలంటే ఏం చేయాలి? ఆటిజం ఉందని వాళ్ళకి ముందే చెప్పాలా?

గాజువాక_లెక్కలు:

తమ్ముడూ, నాకు 37. నాకూ ఆటిజమే, 31వ ఏట తెలిసింది. విశాఖలో ఒక ఆడిట్ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. నీ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్తాను. దానికంటే ముందు నేనొకటి అడగాలి.

ఆ తెలంగాణ బిల్లు ఏంటి? ట్యూబ్‌లైటు గురించి అంత వివరంగా రాసి, దీన్ని ఒక్క ముక్కలో దాటేశావు. ఏం బిల్లు, ఏం తప్పు, నీకెలా కనపడింది, తర్వాత ఏమైంది? తొందర లేదు, తీరిగ్గా రాయి.

అరండల్‌పేట_బీకామ్:

సరే అక్కా. ఆ వ్యాపారి తన గోడౌన్‌కి రెండు ఎలక్ట్రానిక్ కాటాలు కొన్నారు. 60,000 రూపాయలు, పన్ను 10,800. బిల్లు ట్యాలీలో ఎక్కించేశారు, మామూలుగా ఇక్కడి బిల్లుకి వేసినట్టే కేంద్రానికి పోయే సీజీఎస్టీ సగం, రాష్ట్రానికి పోయే ఎస్‌జీఎస్టీ సగం. నేను పాత బిల్లులు జీఎస్టీఆర్-2బితో, అంటే అమ్మినవాళ్ళు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే నెలవారీ పట్టీతో, సరిచూస్తున్నాను. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి కదా. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రకి 37, తెలంగాణకి 36. తర్వాతి పదీ పాన్ నంబరు. బిల్లు తీయగానే నా చూపు ముందు ఆ నంబరు మీదికే పోతుంది. ఆ రోజు అన్నీ 37లే వస్తున్నాయి, మధ్యలో ఒక 36. అన్నంలో రాయి తగిలినట్టు అనిపించింది.

చూస్తే అమ్మినవాళ్ళది హైదరాబాదు. సరుకు లారీలో గుంటూరు పంపించారు. అలాంటప్పుడు రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్టీ వేయాలి. వాళ్ళు అక్కడ కౌంటర్లో అమ్మినట్టు సీజీఎస్టీ, తెలంగాణ ఎస్‌జీఎస్టీ వేశారు. కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, దాన్నే క్రెడిట్ అంటారు. కానీ తెలంగాణకి కట్టిన ఎస్‌జీఎస్టీని ఇక్కడి రిజిస్ట్రేషన్‌లో వాడుకోవడం కుదరదు. 2బిలో కూడా ఆ బిల్లు క్రెడిట్ రాని వాటి భాగంలోనే ఉంది. మావాళ్ళు మాత్రం క్రెడిట్ తీసేసుకున్నారు. సార్‌కి చెప్తే హైదరాబాదు వాళ్ళతో మాట్లాడారు, వాళ్ళు తర్వాతి నెల రిటర్నులో సరిచేశారు. వ్యాపారికి 10,800 నిలిచింది. నోటీసు కూడా రాలేదు. సార్ 'ఇది నీ కంట ఎలా పడిందిరా' అన్నారు, అంతే.

గాజువాక_లెక్కలు:

ఇప్పుడు నువ్వు రాసింది ఒకసారి మళ్ళీ చదువుకో. ఎక్కడా తడబడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోలేదు. నేను తొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, మా ఆఫీసుకి కొత్తగా వచ్చేవాళ్ళలో 36కీ 37కీ తేడా చూసి ఆగేవాళ్ళు తక్కువ. మా సార్ ఇది చదివితే నిన్ను రేపే రమ్మంటారు.

మరి గదిలో ఎందుకు రావడం లేదు? నువ్వు చెప్పే విషయంలో లోపం లేదు. వాళ్ళు చూసేది విషయం కాదు. 2017లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. ఆటిజం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ తమ గురించి కాసేపు మాట్లాడితే రికార్డు చేసి, ఆ చిన్న ముక్కలు కొత్తవాళ్ళకి ఇచ్చారు. వీడియో చూసినవాళ్ళు, గొంతు విన్నవాళ్ళు, ఫొటో చూసినవాళ్ళు ఆటిజం ఉన్నవాళ్ళకి తక్కువ మార్కులేశారు. అవే మాటలు కాగితం మీద రాసి చదవమంటే ఆ తేడా లేదు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను. అప్పటిదాకా నా మాటల్లోనే ఏదో తప్పుందని అనుకున్నాను.

అందుకే కాగితం తీసుకెళ్ళు. నేనలాగే చేశాను. ఒక్క ఏ4 షీటు, మూడు కాపీలు. పైన 'నేను సరిచూసిన ఒక బిల్లు' అని రాయి. కింద బిల్లు ఎలా ఉందో గీతలు గీసి చూపించు, పేర్లూ నంబర్లూ నువ్వు కల్పించినవి పెట్టు. క్లయింటు కాగితం బయటికి తీయకూడదు, ఆ జాగ్రత్త నీకుందని కూడా వాళ్ళకి తెలుస్తుంది. 36 చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టు. పక్కన మూడు ముక్కలు: ఏం కనపడింది, ఎందుకు తప్పు, ఎంత మిగిలింది. 'మీ గురించి చెప్పండి' అనగానే, 'నా పని చూపించి చెప్తానండి' అని కాపీలు వాళ్ళ ముందు పెట్టు. ఇక అందరూ కాగితమే చూస్తారు. నువ్వు కూడా కాగితమే చూస్తావు. మొహం చూడలేదని అడిగేవాళ్ళు ఉండరు.

నేను మొదటిసారి అలా పెట్టినప్పుడు ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, 'ఈ తేడా ఎలా వచ్చిందమ్మా' అని అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. చేతుల వణుకు ఆగిందని బయటికొచ్చాక గానీ గమనించలేదు. నువ్వు అడిగిన నమ్మకం నాకు వచ్చింది అలాగే. ముందు తెచ్చుకుని లోపలికి వెళ్ళలేదు. నాకు తెలిసిన దాని మీద ప్రశ్న వచ్చింది, జవాబు చెప్పాను, అక్కడ మొదలైంది.

ఇంకొకటి. ఫోన్ల సంగతి దాచకు. ఫోను చేయాల్సిన ఉద్యోగాలకి అసలు అప్లై చేయకు. కొన్ని ఆఫీసుల్లో లోపల కూర్చుని రీకన్సిలియేషన్, అంటే బిల్లులూ లెక్కలూ పోల్చి సరిచూసే పని, మాత్రమే చేసేవాళ్ళు కావాలి. ఆ పనికి నీలాంటి కన్ను దొరకదు. 14 చోట్ల కుదరలేదంటే అందులో ఎన్ని నీకు నప్పే పనులో ముందు లెక్క చూడు.

మియాపూర్_హెచ్‌ఆర్:

నేను హైదరాబాదులో పన్నెండేళ్ళుగా ఉద్యోగాల్లోకి తీసుకునే పనిలో ఉన్నాను. టేబుల్ అవతలి వైపు మనిషిగా రాస్తున్నాను. మొదట్లో నేను కూడా 'కళ్ళలోకి చూడడం లేదు, ఉత్సాహం లేదు' అని రాసి చాలామందిని పక్కనపెట్టాను. మా అక్క కొడుక్కి ఆటిజం అని తెలిశాక ఆ రాతలు గుర్తొచ్చి బాధపడ్డాను. వాళ్ళలో ఎంతమంది పని తెలిసినవాళ్ళో ఇప్పుడు తెలుసుకునే దారి కూడా లేదు.

చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం బాబూ. ఆటిజం అన్న పేరు చెప్పకుండా మీకు కావలసింది మాత్రం అడగవచ్చు. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు మెయిల్ పెట్టండి: ఎంతమంది ఉంటారు, ఎంతసేపు, మాటలు ముందా ట్యాలీ పరీక్ష ముందా, ఏ విషయాల మీద అడుగుతారు. ఇవి అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు, శ్రద్ధగా వస్తున్నాడని అనుకుంటాం. గదిలో ప్రశ్న అర్థం కాకపోతే 'నా చదువు గురించా, పని గురించా అడుగుతున్నారు?' అని తిరిగి అడగండి. మా ప్రశ్నలు నిజంగానే అస్పష్టంగా ఉంటాయి.

చెప్పదలచుకుంటే జబ్బు పేరు చెప్పినట్టు చెప్పి ఆపేయకండి. వెంటనే దానివల్ల పనిలో ఏమవుతుందో, మీకేం కావాలో కూడా చెప్పండి. 'నాకు ఆటిజం ఉంది. మాట్లాడేటప్పుడు మొహం చూడలేను, కానీ ప్రతి మాటా వింటాను. పనులు మెయిల్లో రాసి ఇస్తే పొరపాటు రానివ్వను.' ఇంతే చాలు.

పెద్ద కంపెనీలకి అప్లై చేస్తే వాళ్ళ వెబ్‌సైట్‌లో సమాన అవకాశాల విధానం ఉందో లేదో చూడండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా అది ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట దివ్యాంగుల నియామకం, సౌకర్యాలు చూసుకోవడానికి లైజన్ ఆఫీసర్ని పెట్టి, ఆ సంగతి అందులో రాయాలి. ఆ మనిషికి నేరుగా రాయండి.

నరసరావుపేట_బ్యాంకు:

ప్రైవేటుతో పాటు ఇది కూడా చూసుకో తమ్ముడూ. 1995 నాటి పాత చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 అయ్యాయి, ఆటిజం చేరింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాల వాళ్ళందరికీ కలిపి. సర్టిఫికెట్లో 40 శాతం, ఆపైన ఉండాలి. డాక్టరు చెప్పిన కాగితం ఒక్కటే సరిపోదు. మీసేవలోనో వార్డు సచివాలయంలోనో సదరం స్లాట్ బుక్ చేసుకో, ఆసుపత్రిలో పరీక్షించి వైకల్య సర్టిఫికెట్ ఇచ్చేది అక్కడే. దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్ ఉంది. బ్యాంకు క్లర్కు పరీక్షల నోటిఫికేషన్లో దివ్యాంగుల ఖాళీల్లో 'ఐడీ' అనే గడి ఉంటుంది, మీ కోటా అదే. అర్హత ఉన్నవాళ్ళకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం కూడా ఇస్తారు, నోటిఫికేషన్లో ఆ పేరా జాగ్రత్తగా చదువు.

స్లాట్ రోజు ఆసుపత్రిలో జనం, గోల ఎక్కువ. మా చెల్లిని తీసుకెళ్ళినప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంది, ముందు వరసలో కాకుండా మెట్ల దగ్గర కూర్చున్నాం, పేరు పిలిచినప్పుడు నేను చూసుకున్నాను. చిన్నప్పుడు ఎలా ఉండేదో చెప్పడానికి అమ్మ కూడా వచ్చింది. మీ అమ్మగారినో నాన్నగారినో వెంట తీసుకెళ్ళు. వాళ్ళు అడిగేవి చాలావరకు నీ చిన్నతనం గురించే.

అరండల్‌పేట_బీకామ్:

అందరికీ థ్యాంక్సండి. రెండు రోజులు రాయలేకపోయాను, షీటు తయారుచేస్తున్నాను. నాలుగుసార్లు మార్చాను. ముందు బిల్లంతా దించాను, చదవలేనంత చిన్న అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు నంబరూ, పన్ను గడులూ మాత్రం ఉంచాను.

అక్క చెప్పినట్టు 14 ఇంటర్వ్యూలూ లెక్క చూశాను. తొమ్మిది చోట్ల ప్రకటనలోనే 'క్లయింట్లతో మాట్లాడగలగాలి' అని ఉంది. నేను అది చదివి కూడా వెళ్ళాను, ఎక్కడైనా ఫరవాలేదనుకుని.

నిన్న రాత్రి నాన్నకి షీటు చూపించాను. 2బి అంటే ఏంటని అడిగారు. ఇద్దరం కింద చాప మీద కూర్చున్నాం, కాగితం మధ్యలో పెట్టుకున్నాం. నేను చెప్తూనే ఉన్నాను, ఆయన మధ్యమధ్యలో అడుగుతున్నారు. అమ్మ భోజనానికి రెండుసార్లు పిలిచిందట, మాకు వినపడలేదు. ఆయన సర్వీసులో రోజూ రాత్రి డిపోలో టికెట్ల లెక్కకీ డబ్బుకీ సరిపోయిందో లేదో చూసుకునేవారట. ఒక్క రూపాయి తేడా వచ్చినా నిద్ర పట్టేది కాదట. ఇది నాకెప్పుడూ చెప్పలేదు.

గురువారం విజయవాడలోనే ఇంకో ఆఫీసుంది, పర్చేజు బిల్లుల రీకన్సిలియేషన్ పని. మెయిల్ పెట్టాను. ఇవాళ పొద్దున జవాబొచ్చింది: ఇద్దరుంటారు, అరగంట, ముందు ట్యాలీ పరీక్ష. ఆటిజం సంగతి మెయిల్లో రాయలేదు. షీటు చూపించాక, అక్కడ చెప్తాను. రేపు నాన్నా నేనూ బస్సులో వెళ్ళి ఆ బిల్డింగు, మెట్లు, గేటు చూసి రావాలనుకుంటున్నాం.