కూల్చారా, ఇప్పారా, తొలగించారా?

పాలమూరు మిద్దె: రోడ్డు వెడల్పులో మా ఇంటి ముందు గోడ కూలింది. నోటీసులో "తొలగింపు" అని రాశారు. తొలగించడానికి అదేమన్నా వాకిట్లో చెత్తా? వచ్చింది జేసీబీ. ఇది కూల్చివేత కాదా?

నల్లగొండ పంతులు: ముందు మీ వాక్యం చూసుకోండి. వానకు నానిన గోడ కూలుతుంది. మనిషైతే కూలుస్తాడు. "గోడ కూలింది" అంటే కర్తే లేడు.

దేవరకొండ పోరడు: మా దిక్కు కూలగొట్టుడు అంటరు సార్. పంచాయితీ ఖతం.

అలంపూర్ అన్న: పాత ఇంటిని కూల్చరు, ఇప్పుతారు. దర్వాజ, వాసాలు, దూలాలు ఒక్కొక్కటే దించుకుంటారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం ముంపులో పోతుందని రాయి రాయి ఇప్పి మా అలంపూర్‌లో మళ్లీ కట్టారు. దాన్ని కూల్చివేత అంటామా?

నల్లగొండ పంతులు: "విప్పడం". "ఇప్పడం" కాదు.

అలంపూర్ అన్న: మాస్టారూ, మీది స్లాబు ఇల్లు అయ్యుంటుంది. మా తాత మిద్దె ఇప్పినప్పటి టేకు దూలాలు ఇప్పటికీ చిన్నాయన ఇంట్లో ఉన్నాయి. వకారం రాసినా రాయకున్నా కర్ర కర్రే.

పాలమూరు మిద్దె: అన్నా, నా ఏడుపు అదే. రెండు రోజులు ఆగితే దర్వాజ ఇప్పుకుంటామని బతిమాలాం. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన దర్వాజ అది. పొయ్యిలోకి తప్ప పనికిరాకుండా చేశారు.

సిటీ బస్సు: రోడ్డు మీదికి కట్టుకుంటే కూల్చరా? అందరికీ ఇప్పుడు దర్వాజలు గుర్తొస్తాయి.

పాలమూరు మిద్దె: నోరు జాగ్రత్త. మాది పట్టా జాగా. నోటీసు అంటించిన నాలుగో రోజే మిషన్ వచ్చింది. కూల్చే ముందు 15 రోజుల గడువు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో చెప్పలేదా?

సిటీ బస్సు: రోడ్డు మీది ఆక్రమణలకు అది వర్తించదు, చదువుకోండి.

పాలమూరు మిద్దె: మళ్లీ ఆక్రమణ! హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చినప్పటి నుంచి కూల్చివేత అనే మాట వింటే చాలు, ఇంటివాడు చెరువు మింగాడనే అనుకుంటున్నారు. నేను ఆ మాట వాడింది వాళ్లు చేసిన పనికి. మీరు విన్నది మా తప్పుగా.

సిటీ బస్సు: పట్టా అని మొదటే చెప్పాల్సింది. మా కాలనీలో నాలా మీద కట్టినవాళ్ల వల్ల రెండుసార్లు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఆ మంట నాది.

నల్లగొండ పంతులు: అమ్మా, మీరు ఏ మాటైనా వాడండి. కర్తను మాత్రం వదలకండి. ఎవరు కూల్చారో రాయండి.

పాలమూరు మిద్దె: అర్జీలో రాశాను సార్. ఆ ఒక్క ముక్క కొట్టేసి తెస్తేనే తీసుకుంటామన్నారు.