ఆపద కాలంలో దేవుని కోసం మౌనంగా కనిపెట్టడం (ఎదురుచూడడం) తప్పించుకోవడమేనా?

ప్రశ్న (కోవూరు)

అందరికీ ప్రభువు పేరట వందనములు. 2021లో కరోనా రెండవ విడత మా సంఘంలో చాలా ఇళ్ళను ఖాళీ చేసింది. ఆ దుఃఖం తీరకముందే నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, మా వీధులన్నీ నీట మునిగాయి. నీరు తీశాక మందిరం వసారాలో, తడిసి అంటుకుపోయిన కీర్తనల పుస్తకాలను పుట పుటా విడదీసి ఎండబెడుతుండగా, కొందరు పెద్దలు ఇది దేవుని ఉగ్రత అన్నారు, మరికొందరు విశ్వాస పరీక్ష అన్నారు. నాకు ఏ మాటా రాలేదు. అప్పటినుంచి వేకువజామున ఒక కీర్తన చదువుకొని, ఏమీ అడగకుండా కాసేపు ఊరక కూర్చోవడం అలవాటైంది. ఇప్పుడు ఏ తుపాను హెచ్చరిక వచ్చినా మా పెద్దమ్మ, “ఊరంతా భయపడుతుంటే నోరు తెరిచి విజ్ఞాపన చేయకుండా కూర్చోవడం ఏమి భక్తి రా?” అంటుంది. ఆమెకు ఏమని చెప్పాలి?

జవాబు 1 (ఒంగోలు)

“ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి” అన్న మాట 46వ కీర్తనలో ఎక్కడ వస్తుందో చూడండి. కొండలు సముద్రంలో మునిగి, జనములు ఘోషించి, రాజ్యాలు కదిలిన తరువాతనే వస్తుంది. కాబట్టి అది తీరిక ఉన్నవారికి చెప్పిన మాట కాదు.

మన ప్రాంత చరిత్ర కూడా ఇదే చెబుతుంది. అమెరికన్ బాప్టిస్టుల నెల్లూరు మిషనును మూసివేయాలన్న ఆలోచన నడుస్తున్న రోజుల్లో, 1854 జనవరి 1న అక్కడి మిషనరీలైన జెవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా మిషనరీ క్లౌ దొర ఒంగోలుకు వచ్చింది 1866లో. ఆ తరువాత 1876–78 నాటి మహా కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. ప్రయాసపడి భారం మోస్తున్నవారిని పిలిచే క్రీస్తు వాక్యాన్ని బోధకులు ఆ కూలీలకే వినిపించారు. అయినా కరువు పని సాగినంతకాలం, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, బాప్తిస్మం అడిగినవారిని ఆపివేశాడు. కరువు సహాయం ముగిశాకే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం గాని, దానికి ముందు ఆయన పట్టిన బిగువును ఎవరూ చెప్పరు. ఆకలికి వెంటనే ఆత్మీయ అర్థం అంటగట్టకుండా, చేయవలసిన పని చేస్తూ ఆగడం కూడా కనిపెట్టడమే అని నా అభిప్రాయం.

జవాబు 2 (నెల్లూరు, కతోలిక విశ్వాసి)

మా సంప్రదాయంలో నార్విచ్ జూలియన్ అనే ఇంగ్లీషు తపస్విని ఉన్నారు. మహమ్మారి ప్లేగు నార్విచ్ పట్టణాన్ని తుడిచిపెట్టిన 1349 నాటికి ఆమె చిన్నపిల్ల. 1373లో చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆమెకు దర్శనాలు కలిగాయి. ఆ తరువాత దేవాలయాన్ని ఆనుకొని ఉన్న గదిలో ఏకాంతంగా జీవించినా, ఓదార్పు కోసం వచ్చేవారితో కిటికీ దగ్గర మాట్లాడేవారు. తాను చూసినదాని భావం కోసం ఏళ్ళ తరబడి ధ్యానించారు గాని, జబ్బును దేవుని కోపంగా ప్రకటించలేదు. మీ పెద్దలు మాత్రం తడిసిన పుస్తకాలు ఆరకముందే తీర్పు చెప్పేశారు.

జవాబు 3 (సింగరాయకొండ)

తమ్ముడూ, పై ఇద్దరు చెప్పినది నిజమే అయినా, మీ పెద్దమ్మగారి మాటలో కూడా న్యాయం ఉంది. ఆసుపత్రి వరండాలో ఆక్సిజన్ కోసం ఎదురుచూసినవారికి మౌనం అంటే ఎవరూ పలకకపోవడమే. నేను అక్కడ కూర్చున్నదాన్ని గనుక చెబుతున్నాను. 88వ కీర్తన చివరిదాకా చీకటే, ఊరట మాట ఒక్కటీ లేదు. దాన్ని ఆమెతో కలిసి, మొదట ఆమె పద్ధతిలో బిగ్గరగా చదవండి. పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పండి. ఆ తరువాత ఇద్దరూ కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. ఆమె మధ్యలో ఏడిస్తే, ఓదార్చడానికి వాక్యం వెతకవద్దు.