హెల్సింకీలో పాతకాలం పబ్లిక్ సౌనాకి మొదటిసారి: బట్టల సంగతి ఏంటి?

ఎస్పూ_కొత్తవాడు:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఫిన్లాండ్‌లో హెల్సింకీ పక్కనే ఉన్న ఎస్పూ వచ్చి కొన్ని నెలలైంది. మా టీమ్ వాళ్లు వచ్చే శుక్రవారం ఆఫీసు అయ్యాక హెల్సింకీలో కల్లియో అనే పేటలో ఉన్న కోటిహర్యు సౌనాకి, అంటే వేడి ఆవిరి గదిలో కూర్చునే స్నానాల చోటికి, వెళ్దామంటున్నారు. 1928 నుంచి నడుస్తోందట, ఇప్పటికీ కట్టెలతోనే కాస్తారట. మా ఆవిడని కూడా తీసుకురమ్మన్నారు. లోపల అందరూ బట్టల్లేకుండా కూర్చుంటారని విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్, పైగా మా మేనేజర్ కూడా వస్తున్నాడు, సోమవారం మళ్లీ ఆయన ఎదురుగానే మీటింగులో కూర్చోవాలి కదండీ! షార్ట్స్ వేసుకుంటే ఊరుకుంటారా? మా ఆవిడేమో తాళి తీయాల్సి వస్తే రానంటోంది. ఇదంతా ఎందుకు, సముద్రం ఒడ్డున కట్టిన కొత్త లోయ్లు సౌనాలో స్విమ్‌సూట్ తప్పనిసరి కాబట్టి అక్కడికి వెళ్దామని చెప్పేయనా? వెళ్లినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కల్లియో_పాతకాపు:
చెప్పకండి. మనలాంటి బిడియస్తులకి కోటిహర్యునే సులువు. లోయ్లు 2016లో కట్టారు, బిల్డింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అక్కడ ఆడా మగా కలిసే కూర్చుంటారు, టూరిస్టులు ఎక్కువ. స్విమ్‌సూట్‌లో మీరు, మీ ఆవిడ, మీ టీమ్‌లో అమ్మాయిలు, మేనేజరు అందరూ ఒకే గదిలో! అది ఇబ్బందా, మగవాళ్లంతా ఒకచోట, ఆడవాళ్లంతా ఇంకోచోట కూర్చోవడం ఇబ్బందా, మీరే ఆలోచించుకోండి. పాత సౌనాల్లో రెండు వైపులూ పూర్తిగా వేరు.

షార్ట్స్ మాత్రం వద్దు. ముందు షవర్ కింద శుభ్రంగా స్నానం చేసి లోపలికి వెళ్లాలి, బయట వేసుకున్న బట్ట లోపలికి తేవడం వాళ్లకి శుభ్రత కాదు. నడుముకి టవల్ చుట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు. కూర్చునేటప్పుడు కింద కూడా ఒక టవల్ వేసుకోవాలి, కాబట్టి రెండు తీసుకెళ్లండి. గోదావరి రేవులో తానం చేసేటప్పుడు ఎవరు ఎవర్ని చూస్తారు? ఇక్కడా అంతే. మొదటి ఐదు నిమిషాలే మీకు బాధ, ఆ తర్వాత ఆ వేడిలో సిగ్గు గురించి ఆలోచించే ఓపిక ఉండదు. సోమవారం మీ మేనేజర్‌కి ఇదంతా గుర్తు కూడా ఉండదు, ఆయన పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని ఇది.

ఇంకో ముచ్చట. కోటిహర్యు గుమ్మం ముందు వీధిలోనే జనం టవళ్లు చుట్టుకుని, ఒంట్లోంచి ఆవిర్లు పోతుంటే చలిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు. సోర్నైనెన్ మెట్రో దిగి నడిచి వెళ్తుంటే ముందు కనపడేది వాళ్లే, కంగారు పడకండి.

వాన్టా_కోడలు:
తాళి సంగతి నేను చెప్తాను. రూల్ ఏమీ లేదు, ఎవరూ తీయమనరు. కానీ లోపల 80 నుంచి 100 డిగ్రీలు, బంగారం కాలి గుండెల మీద చురుక్కుమంటుంది, చెవి దిద్దులూ అంతే. నేను గొలుసు లాకర్‌లో పెట్టి వెళ్తాను, మా అత్తగారికి ఫోన్‌లో చెప్తే ఆవిడ కూడా ఏమీ అనలేదు. తీయడానికి మనసొప్పకపోతే తడి చేసిన చిన్న టవల్‌ని ఒంటికీ గొలుసుకీ మధ్య పెట్టుకుని, లోపల మెట్లలా ఉండే బల్లల్లో కింది మెట్టు మీద కూర్చోమనండి, వేడి పైకి పోతుంది కాబట్టి కింద తక్కువ. మీ కొలీగ్స్‌లో ఆడవాళ్లు ఎవరైనా వస్తుంటే ముందే పరిచయం చేయండి, ఆడవాళ్ల వైపు ఆవిడ ఒక్కతే పడిపోకుండా ఉంటుంది. నిజానికి అక్కడ ముసలమ్మలే బాగా చూసుకుంటారు, కొత్తవాళ్లని చూస్తే కింద కూర్చో, నీళ్లు తాగు అని చెప్తూనే ఉంటారు.

టాంపెరే_తమ్ముడు:
పై ఇద్దరితో ఏకీభవిస్తున్నా, ఒక్కటి తప్ప: మొదటిసారే ఆఫీసు వాళ్లతో ఎందుకండీ? మీ అపార్ట్‌మెంట్ కింద సౌనా ఉండే ఉంటుంది, చాలా బిల్డింగుల్లో వారానికో గంట స్లాట్ ఇస్తారు. ఈలోపు మీరిద్దరూ వెళ్లి అలవాటు చేసుకోండి. పబ్లిక్ సౌనాలు తగ్గిపోయింది కూడా అందుకే, ఒకప్పుడు ఇళ్లల్లో స్నానాల గదుల్లేక హెల్సింకీలో వందకి పైగా ఉండేవి, తర్వాత ప్రతి బిల్డింగులోకీ సౌనా వచ్చేసరికి ఒక్కొక్కటే మూతపడ్డాయి.

కాకపోతే బిల్డింగుల్లో ఉండే కరెంటు సౌనా వేరు, కట్టెలది వేరు. మా టాంపెరేలో పిస్పల అనే పేటలో రాయపోర్టి అని ఉంది, 1906ది, ఇప్పటికీ నడుస్తున్న పబ్లిక్ సౌనాల్లో దేశంలోకెల్లా పాతది. అక్కడ పెద్ద రాళ్ల పొయ్యిని ముందే గంటల తరబడి కాస్తారు, జనం వచ్చేసరికి మంట ఉండదు, ఆ రాళ్లు దాచుకున్న వేడే సాయంత్రమంతా వస్తుంది. వాటి మీద నీళ్లు పోస్తే ఆవిరి మెత్తగా ఒంటిని చుట్టుకుంటుంది, చర్మం మండదు. అన్నట్టు నీళ్లు పోసే ముందు పై మెట్టు మీద ఉన్నవాళ్లని అడగండి, ఆ ఆవిరి ముందు తగిలేది వాళ్లకే. బిర్చ్ అనే చెట్టు కొమ్మల కట్టతో ఎవరైనా ఒళ్లు కొట్టుకుంటుంటే నవ్వకండి, మీకూ ఇస్తే తీసుకోండి.

బీపీ_బాబాయ్:
ఆరోగ్యం గురించి ఎవరూ మాట్లాడరేం? బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. ముందు భోజనం దండిగా చేయొద్దు, మందు తాగి లోపలికి వెళ్లొద్దు. ముఖ్యంగా మగవాళ్లకి చెప్తున్నా, పక్కవాడు కూర్చున్నాడని మీరూ పంతానికి కూర్చోకండి. ఇక్కడే హెయినోలా అనే ఊళ్లో సౌనాలో ఎవరు ఎక్కువసేపు ఉంటారో అని ప్రపంచ పోటీలే పెట్టేవాళ్లు, 2010లో 110 డిగ్రీల్లో ఒక పోటీదారు చనిపోయాక ఆపేశారు. తల తిరిగితే లేచి బయటికి వచ్చేయండి, పది సార్లు వెళ్లి వచ్చినా ఎవరూ లెక్కపెట్టరు.

ఎస్పూ_కొత్తవాడు:
అందరికీ థాంక్స్. మా ఆవిడకి చదివి వినిపించాను, గొలుసు లాకర్‌లో పెడతానంది, ముందు బిల్డింగ్ సౌనా చూస్తానంది. బుధవారం స్లాట్ దొరికింది. ఒక్క డౌటు, నాకు కళ్లజోడు లేకపోతే మెట్లు కూడా సరిగ్గా కనపడవు, పెట్టుకుని వెళ్లొచ్చా?

వాన్టా_కోడలు:
లోపలికి అడుగు పెట్టగానే అద్దాలకి ఆవిరి పట్టి ఎలాగూ ఏమీ కనపడదు. మెటల్ ఫ్రేమ్ అయితే ముక్కు కాలుతుంది, ప్లాస్టిక్‌ది అయితే వంగిపోవచ్చు. లాకర్‌లో పెట్టేసి మీ మేనేజర్ వెనకాలే నడవండి.